పసిబిడ్డలు పాలు కక్కుట – కారణములు, కర్తవ్యములు

శిశువు పుట్టిన యింట సంతోషముతో పాటు సందేహములు కూడ పుట్టును. వానిలో తరచుగా వినవచ్చునది "బిడ్డ త్రాగిన పాలన్నియు కక్కుచున్నది, ఏమి చేయవలెను?" అను ప్రశ్న. దీనికి ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పుదురు. ఒక యింట అమ్మమ్మ దిష్టి తగిలినదనును; మరియొక యింట దాదీ నజర్ లగ్‌గయీ అనును. పొరుగింటి ఆమె తల్లిపాలు బిడ్డకు పడలేదనును. ఇంకొకరు తల్లి నిన్న తినిన వంకాయ కూరను తప్పుపట్టుదురు. చివరకు బాలింతరాలు తన పాలలోనే దోషమున్నదని నమ్మి, కన్నీరు పెట్టుకొని, డబ్బాపాలకు సిద్ధపడును.

కళాశాల సంచికలో ఈ విషయ మెందుకని మిత్రులు అడుగవచ్చును. మన విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు తమ యింట చదువుకొన్న తొలి తరమువారు. ఆస్పత్రి చీటీ చదువుట, మందు సీసాపై వ్రాసినది చూచి చెప్పుట ఇంటిలో వారి పనియే. అక్కకు గాని, వదినకు గాని పురుడు వచ్చినప్పుడు "ఇది భయపడవలసినదా, కాదా?" అని పెద్దలు వారినే అడుగుదురు. ఆ సమయమున చెప్పదగిన సమాధానము వారి చేతిలో నుండవలెనని మా అభిలాష.

ఈ విషయమున రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. సహజమైన దానిని జబ్బనుకొని తల్లిపాలు మాన్పించుట మొదటిది. నిజమైన జబ్బును సహజమనుకొని, లేక దిష్టి యనుకొని కాలయాపన చేయుట రెండవది. మొదటి పొరపాటు వలన ఆరోగ్యముగా నున్న బిడ్డ బలహీనపడును. రెండవ పొరపాటు వలన ప్రాణమే పోవచ్చును. ఈ రెంటికిని నడుమ గీత ఎక్కడ నున్నదో చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కక్కుట వేరు, వాంతి వేరు

మొదట మాటలను వేరుపరచుకొందము. పాలు త్రాగిన కొద్దిసేపటికి, ఒక త్రేన్పుతో కలిసి, బిడ్డకు ఏ ప్రయాసయు లేకుండ నోటి అంచు నుండి పాలు కారిపోవుటను పాలు కక్కుట అందుము. అప్పుడు బిడ్డ ముఖమున బాధ కనబడదు. పొట్ట కండరములు బిగుసుకొనవు. మూతి తుడిచిన వెంటనే మరల ఆడుకొనును, నవ్వును, కొన్నిసార్లు మరల పాలకు వెదకికొనును.

వాంతి అట్లు కాదు. అందు పొట్ట కండరములును, వక్షోదరముల మధ్య నుండు పొరయు బలముగా ముడుచుకొని లోపలి పదార్థమును బయటికి నెట్టును. బిడ్డ ముఖము వాడును, ఏడ్చును, డస్సిపోవును. ఒకటి పొంగిన గిన్నె అంచు నుండి కారుటవంటిది. రెండవది గిన్నెను ఎత్తి కుమ్మరించుటవంటిది. ఈ భేదమును కంటితో చూచి గుర్తింపగలిగినచో సగము భయము తీరును.

పాలు వెనుకకు ఎందుకు వచ్చును?

మనము మ్రింగిన ఆహారము గొంతు నుండి ఆహారవాహిక ద్వారా జీర్ణాశయమును చేరును. ఆ రెండును కలియు చోట సంవరణి కండరమను ఒక ఉంగరము వంటి కండరమున్నది. మ్రింగినప్పుడు అది తెరచుకొని, పిదప మూసికొనును. పెద్దవారిలో కూడ అది అప్పుడప్పుడు మ్రింగుటతో సంబంధము లేకుండ క్షణకాలము సడలును. మన త్రేన్పులు వచ్చుట అందువలననే. పసిబిడ్డలలో ఈ సడలింపు జరిగినప్పుడు గాలితో పాటు పాలు కూడ పైకి వచ్చును.

పెద్దవారిలో రానిది బిడ్డలలో ఏల వచ్చును? దీనికి నాలుగు కారణములు గలవు.

మొదటిది, దూరము తక్కువ. పెద్దవారి ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్లు పొడవుండగా, అప్పుడే పుట్టిన శిశువునకు అది సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే. పైకి లేచిన పాలు నోటిని చేరుటకు ఎక్కువ దూరము పోనక్కరలేదు.

రెండవది, బిడ్డ ఆహారమంతయు ద్రవమే. మనము తిను అన్నము, రొట్టె జీర్ణాశయమున బరువుగా నిలుచును. పాలు కొంచెము ఒత్తిడి కలిగినను కదలును.

మూడవది, బిడ్డ త్రాగు పరిమాణము దాని శరీరమునకు చాల ఎక్కువ. మొదటి నెల గడచిన తరువాత శిశువు తన బరువులో కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు త్రాగును. 60 కిలోల బరువుగల మన కళాశాల విద్యార్థి అదే లెక్కన త్రాగవలసివచ్చినచో దినమునకు 9 లీటర్లు త్రాగవలెను. అన్ని పాలు త్రాగి, వెంటనే వెల్లకిల పరుండినచో ఆ విద్యార్థి స్థితి యేమగునో ఊహించుకొనవచ్చును.

నాలుగవది, బిడ్డ దినములో చాల భాగము పరుండియే యుండును. నిలువుగా నున్నప్పుడు పాలు క్రిందను, గాలి పైనను ఉండును. పరుండినప్పుడు పాలు సంవరణి కండరము దరికి చేరును. పాలతో పాటు మ్రింగిన గాలి దీనికి తోడగును. ఆకలితో చాలసేపు ఏడ్చి, ఆత్రముగా త్రాగిన బిడ్డ ఎక్కువగా కక్కుట అందువలననే.

ఈ నాలుగు కారణములలో ఎక్కడను తల్లిపాల దోషము లేదని పాఠకులు గమనింపవలెను.

కక్కిన పాలు పెరుగువలె ఏల నుండును?

బిడ్డ కక్కినది ఒక్కొక్కప్పుడు విరిగిన పాలవలె తెల్లని ముద్దలుగా నుండును. అది చూచి, తల్లిపాలు లోపల చెడిపోయినవని అనుకొందురు. నిజమునకు పాలలోని కేసీన్ అను మాంసకృత్తు జీర్ణాశయములోని ఆమ్లము తగులగానే గడ్డకట్టును. ఇంటిలో కాగిన పాలలో నిమ్మరసము పిండినపుడు జరుగునదియు ఇదియే. కావున త్రాగిన వెంటనే కక్కినచో పాలు పాలుగానే వచ్చును. కొంత సేపటికి కక్కినచో పెరుగువలె వచ్చును. పాలు జీర్ణమగుటకు ఆరంభించినవనుటకు అది గుర్తు మాత్రమే.

"త్రాగినదంతయు కక్కినది" అనుటలో కూడ అతిశయోక్తి యుండును. ఒక చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్ల పాలను బల్లపై పరచిన గుడ్డమీద పోసి చూడుడు. ఎంత పెద్ద మరక యగునో చూచి ఆశ్చర్యపడుదురు. తల్లి చీర కొంగుపై కనబడు మరక చాలసార్లు ఒకటి రెండు చెంచాల పాలు మాత్రమే. ఈ చిన్న ప్రయోగమును ఇంటిలో పెద్దల యెదుట చేసి చూపినచో ఉపన్యాసము కంటె మేలు చేయును.

ఇది ఎంతకాలముండును?

1997లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో అమెరికాలోని షికాగో ప్రాంతమున 948 మంది ఆరోగ్యవంతులైన శిశువుల తల్లిదండ్రులను ప్రశ్నించిరి. మూడు నెలలలోపు బిడ్డలలో సగముమంది దినమునకు ఒక్కసారియైనను కక్కుచున్నట్లు తెలిసినది. నాలుగవ నెలలో ఇది నూటికి 67 మందికి పెరిగినది. పది మొదలు పన్నెండు నెలల వయస్సున నూటికి 5 మందికి తగ్గినది.

అనగా నాలుగవ నెలలో కక్కుట హెచ్చుట విపరీతము కాదు. బిడ్డ కూర్చుండ నేర్చి, ఆరు నెలలు నిండి గట్టి ఆహారము తిన నారంభించినప్పటి నుండి అది క్రమముగా తగ్గును. ఏడాది నిండునప్పటికి చాలమంది బిడ్డలలో పూర్తిగా మానును. దీనికి కాలమే మందు.

బరువే సాక్ష్యము

కక్కు బిడ్డకు పాలు చాలుచున్నవా లేదా అను దానికి మరకలు సాక్ష్యము కావు, బరువు సాక్ష్యము. పుట్టిన మొదటి దినములలో బిడ్డ బరువు కొంత తగ్గుట సహజము. సుమారు రెండు వారములలో అది తిరిగి వచ్చును. పిదప మొదటి మూడు నెలలు దినమునకు సుమారు 20 నుండి 30 గ్రాముల వరకు పెరుగును. అయిదు నెలలకు పుట్టినప్పటి బరువు ఇంచుమించు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావలెను. 2.8 కిలోలతో పుట్టిన బిడ్డ అయిదవ నెలకు సుమారు 5.6 కిలోలు, ఏడాదికి సుమారు 8.4 కిలోలు తూగవలెను.

బిడ్డను తూచుటకు పట్టణమునకు పోనక్కరలేదు. 1975లో మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైన నాటి నుండి అంగన్‌వాడీ కేంద్రములు ఈ పని చేయుచున్నవి. అచ్చట బరువు వ్రాయు పటములో గీత పైకి పోవుచున్నంత కాలము, బిడ్డ దినమునకు ఆరుసార్లయినను మూత్రము పోయుచున్నంత కాలము, హుషారుగా నున్నంత కాలము, కక్కుట వలన భయము లేదు. ఇట్టి బిడ్డను వైద్యులు సంతోషముగా కక్కు బిడ్డ యందురు. వారికి కావలసినది మందు కాదు, తుడుచుటకు మెత్తని గుడ్డ.

చేయవలసినవి

పాలు పట్టు విధమును కొంచెము సరిదిద్దినచో కక్కుట చాలవరకు తగ్గును.

బిడ్డ ఆకలితో గుక్కపట్టి ఏడ్చు వరకు వేచియుండక, చేతులు నోటిలో పెట్టుకొనుచు, తల అటునిటు త్రిప్పుచు వెదకుచున్నప్పుడే పాలియ్యవలెను. చనుమొన మాత్రమే గాక దాని చుట్టునున్న నల్లని భాగము కూడ చాలవరకు బిడ్డ నోటిలో నుండునట్లు చూడవలెను. అట్లయినచో గాలి తక్కువగా పోవును. బిడ్డ తల పొట్టకంటె ఎత్తుగా నుండవలెను.

త్రాగిన తరువాత బిడ్డను భుజమునకు ఆనించుకొని, లేక ఒడిలో కూర్చుండబెట్టి గడ్డమును చేతితో ఆనించి, వీపుపై మెల్లగా నిమురవలెను. తెలుగు ఇండ్లలో త్రేన్పు అనియు, ఉర్దూ ఇండ్లలో డకార్ అనియు పిలుచునది వచ్చినచో మంచిది. రానిచో పావుగంటకు మించి తట్టుచు కూర్చుండనక్కరలేదు. పిదప ఇరువది ముప్పది నిమిషములు బిడ్డను నిలువుగా ఎత్తుకొనుట మేలు. ఈ పనిని తల్లియే చేయవలెనని లేదు. తండ్రి, తాత, నానీ, మేనమామ ఎవరైనను చేయవచ్చును. రాత్రి నిద్రలేని బాలింతరాలికి ఆ అరగంట విశ్రాంతి ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

పాలు త్రాగిన వెంటనే నూనె మర్దనము, స్నానము, ఎగురవేసి ఆడించుట తగదు. కాళ్ళపై పరుండబెట్టి నీళ్ళు పోయుట పాలు పట్టుటకు ముందే జరుగవలెను. నడుమునకు గుడ్డ బిగించి కట్టినచో పొట్ట ఒత్తుకొనును, వదులుగా కట్టవలెను.

తల్లిపాలు లభింపక పైపాలు పట్టవలసివచ్చిన బిడ్డలకు పరిమాణమే ముఖ్యము. ఒకేసారి ఎక్కువ పట్టుటకంటె కొంచెము కొంచెముగా ఎక్కువసార్లు పట్టుట మేలు. సీసాలో మిగిలినవి పారబోయుటకు మనసొప్పక బలవంతముగా త్రాగింపరాదు. డబ్బాపై వ్రాసిన కొలత ప్రకారమే కలుపవలెను. సీసాకంటె గిన్నె, చెంచా శుభ్రపరచుట సులభము. అయితే మన పాతకాలపు ఉగ్గుగిన్నెతో పట్టునప్పుడు బిడ్డను వెల్లకిల పరుండబెట్టి గొంతులో పోయరాదు. తల ఎత్తి, పెదవికి ఆనించి, గుటక గుటకకు ఆగవలెను.

పరుండబెట్టు విధము

కక్కు బిడ్డను వెల్లకిల పరుండబెట్టినచో పాలు ఊపిరి గొట్టములో పోవునను భయముతో చాలమంది బోర్లా పరుండబెట్టుదురు. ఇది అపాయకరము. వెల్లకిల పరుండినప్పుడు ఊపిరి గొట్టము పైనను, ఆహారవాహిక దాని క్రిందను ఉండును. కక్కిన పాలు ఊపిరి గొట్టములో ప్రవేశింపవలెనన్న పైకి ఎక్కవలెను. బోర్లా పరుండినప్పుడు ఈ స్థానములు తారుమారగును.

అంతేగాక బోర్లా నిద్రించు శిశువులలో నిద్రలోనే ఆకస్మికముగా మరణించుట ఎక్కువయని తేలినది. 1994లో అమెరికాలో శిశువులను వెల్లకిల నిద్రింపజేయవలెనని దేశవ్యాప్త ప్రచార మారంభించిరి. అనంతర సంవత్సరములలో అచ్చట అట్టి మరణములు సుమారు సగమునకు తగ్గినవి. కావున ఆరోగ్యముగా నుండి కక్కు బిడ్డను కూడ నిద్రపుచ్చునప్పుడు గట్టి, చదునైన పడకపై వెల్లకిలనే పరుండబెట్టవలెను. తలక్రింద దిండు అక్కరలేదు. మెలకువగా నున్నప్పుడు, పెద్దలు దగ్గర నుండగా, బోర్లా ఆడుకొనుట మంచిదే.

చేయరానివి

మొదటిది, కక్కుచున్నదని తల్లిపాలు మాన్పరాదు. పోతపాల వలన కక్కుట ఆగదు. పైగా విరేచనములు, అంటురోగములు వచ్చు ప్రమాదము హెచ్చును. మన పార్లమెంటు 1992లో శిశువుల పాలపొడులు, పాలసీసాలను గూర్చి చట్టముచేసి, 2003లో దానిని ఇంకను గట్టిపరచినది. వాని ప్రకటనలు ఆ చట్టముచే నిషిద్ధములు. ప్రతి డబ్బాపైనను తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమను మాట ముద్రింపవలెనని నియమము. ఇంట ఆ డబ్బా యున్నచో ఆ వాక్యమును పెద్దలకు చదివి వినిపింపుడు.

రెండవది, ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు, చక్కెరనీరు, గ్రైప్ వాటర్, ఘుట్టీ అవసరము లేదు. వీనిచే కక్కుట తగ్గదు. తేనె పవిత్రమైనదియు పుష్టికరమైనదియునని మన రెండు సమాజములలోను గౌరవమున్నది. కాని ఏడాదిలోపు శిశువునకు అది తగదు. తేనెలో నుండగల ఒక విధమైన సూక్ష్మజీవి బీజములు పసివారి ప్రేగులలో పెరిగి, కండరములను పక్షవాతమువలె సడలించు బొట్యులిజమ్ అను వ్యాధిని కలిగింపవచ్చును.

మూడవది, దుకాణములో అడిగి వాంతుల మందు కొని పోయరాదు. ఆమ్లమును తగ్గించు మందులు, డోంపెరిడోన్ వంటి చుక్కల మందులు సంతోషముగా కక్కు బిడ్డకు మేలు చేయవు. డోంపెరిడోన్ గుండె లయను చెరుపవచ్చును. పాలను చిక్కపరచుటకు బియ్యపుపిండి కలుపుట కూడ వైద్యుడు చెప్పిననే తప్ప చేయరాదు.

నాలుగవది, బాలింతరాలి కంచములోనివి ఒక్కొక్కటిగా తీసివేయరాదు. పథ్యము పేరిట కూరగాయలు, పప్పు, గ్రుడ్లు మాన్పించినచో తల్లి క్షీణించును. ఆవుపాల మాంసకృత్తు పడని బిడ్డలు కొందరుందురు. కాని అట్టివారిలో మలమున రక్తము, ఒంటిపై దద్దురులు, బరువు పెరుగకుండుట వంటి గుర్తులుండును. దానిని నిర్ణయింపవలసినది వైద్యుడు.

ఆలస్యము తగని సమయములు

ఇక గీతకు ఆవలివైపు చూతము. క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినను ఇంటివైద్యము, దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట అను వానికై కాలము గడపక బిడ్డను ఆస్పత్రికి తీసికొని పోవలెను.

బిడ్డ ఆకుపచ్చని పదార్థము కక్కుట అన్నిటికంటె ప్రమాదకరమైన గుర్తు. ఆకుపచ్చదనము పైత్యరసమునది. ప్రేగు మెలిపడి దారి మూసికొనినచో ఇట్లు జరుగవచ్చును. మెలిపడిన ప్రేగునకు రక్తము అందక కొన్ని గంటలలోనే చెడిపోవును. ఇచ్చట తెల్లవారువరకు ఆగుదమనుట కూడ తగదు.

రెండు మొదలు ఎనిమిది వారముల వయస్సున, పాలు త్రాగిన ప్రతిసారియు దూరముగా చిమ్మునట్లు వాంతి యగుచు, వెంటనే బిడ్డ ఆకలితో మరల పాలకు ఏడ్చుచున్నచో, జీర్ణాశయము నుండి ప్రేగులోనికి పోవు ద్వారము వద్ద కండరము దళసరియై దారి మూసికొనియుండవచ్చును. ఇది ఆడబిడ్డలకంటె మగబిడ్డలలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. ఒకప్పుడు దీనివలన చాలమంది శిశువులు మరణించెడివారు. 1912లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు రామ్‌స్టెట్ ఆ కండరమును నిలువుగా చీల్చి విడిచిపెట్టు శస్త్రచికిత్సను ప్రకటించెను. నేటికిని అదియే చికిత్స. సకాలమున తెచ్చిన బిడ్డ పూర్తిగా కోలుకొనును.

కక్కినదానిలో రక్తము గాని, కాఫీపొడి వంటి నలుపు గాని కనబడుట. పొట్ట ఉబ్బి గట్టిపడుట. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేక అంతకు మించిన జ్వరము, మాడు ఉబ్బుట లేక గుంటపడుట, మూత్రము తగ్గి నోరు ఎండుట, బిడ్డ మత్తుగా పడియుండి పాలు త్రాగకుండుట, మలమున రక్తము, ఇవి యన్నియు వెంటనే చూపవలసిన గుర్తులే. బరువు పెరుగకుండుట, పాలు త్రాగునప్పుడెల్ల దగ్గు, ఆరు నెలలు నిండిన పిదప క్రొత్తగా కక్క నారంభించుట, ఏడాది దాటినను మానకుండుట కూడ వైద్యునకు చెప్పవలసినవే.

పాలు కక్కునప్పుడు పొరబోయినచో బిడ్డను ప్రక్కకు త్రిప్పి నోరు తుడువవలెను. తలక్రిందుగా ఊపరాదు, గొంతులో వ్రేలు దూర్పరాదు. ఊపిరి అందక నీలిపడినచో ముంజేతిపై బోర్లా, తల కొంచెము క్రిందికి ఉండునట్లు పట్టుకొని, అరచేతి మడమతో వీపు నడుమ అయిదుసార్లు తట్టుచు, వెంటనే 108కి ఫోను చేయింపవలెను.

ముగింపు

హైదరాబాదు నగరమున నీలోఫర్ ఆస్పత్రిని ఎరుగనివారు లేరు. ప్రసవ సమయమున తన పరిచారిక మరణించుట చూచి కలతచెందిన నీలోఫర్ రాకుమారి ప్రేరణతో అది వెలసినది. 1953 నుండి తల్లులకును పిల్లలకును సేవచేయుచున్నది. అట్టి ఆస్పత్రులు మనకున్నను, బిడ్డను ఎప్పుడు అచ్చటికి తీసికొని పోవలెనో, ఎప్పుడు ఇంటనే నిశ్చింతగా ఉండవచ్చునో తెలిసిన మనిషి ఇంటిలో లేనిచో వానివలన పూర్తి ప్రయోజనము కలుగదు.

విద్యార్థినీ విద్యార్థులారా! పెద్దలను ఎదిరించి మాటలాడుడని మేము చెప్పుటలేదు. దిష్టి తీసిన అమ్మమ్మయు, నజర్ అనిన దాదీయు బిడ్డమీది ప్రేమతోనే ఆ పని చేయుదురు. వారి ప్రక్కన కూర్చుండి, బిడ్డ బరువు పటమును చూపి, "గీత పైకి పోవుచున్నది, భయము లేదు" అని మెల్లగా చెప్పుడు. ఆకుపచ్చని వాంతి కనబడిననాడు మాత్రము మెల్లగా చెప్పుచు కూర్చుండక, బండి పిలిచి బిడ్డను ఎత్తుకొని బయలుదేరుడు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ప్రతి సంవత్సరము ఆగస్టు 1 నుండి 7 వరకు తల్లిపాల వారోత్సవములు జరుగును. ఆ వారములో ఒక దినము పిల్లల వైద్యులొకరిని పిలిపించి, ఉర్దూలోను తెలుగులోను ప్రసంగమేర్పరచి, పైన చెప్పిన గుర్తులను రెండు భాషలలోను అచ్చువేయించి ప్రతి విద్యార్థి చేతికిచ్చి ఇంటికి పంపినచో, ఒక్క కాగితముతో అనేక కుటుంబములకు మేలు చేసినవారగుదురు.